మీ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర తయారుచేయడం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు

గెలిచినవాళ్ల పేర్లు వరసగా రాసేస్తే అది జాబితా అవుతుంది కానీ చరిత్ర కాదు. ఏ ఊళ్లు కలిసి ఆ మనిషిని గెలిపించాయో తేలాలి. అందుకే పట్టికలో ఏడాది పక్కన మొదటి గడి హద్దులకే కేటాయించండి. ఆ తర్వాత రిజర్వేషన్, మొత్తం ఓటర్లు, పోలైనవి, చెల్లినవి, గెలిచినవారు, రెండో స్థానం, ఇద్దరి పార్టీలు, ఓట్లు, మెజారిటీ, చివర వివరణ.

మన వైపు అసెంబ్లీ సాధారణ ఎన్నికలు జరిగిన ఏళ్లు: 1952, 1955, 1962, 1967, 1972, 1978, 1983, 1985, 1989, 1994, 1999, 2004, 2009, 2014, 2019, 2024. 1952 లెక్కలు మద్రాసు రాష్ట్రం నివేదికలో వెతకాలి. 1957కు వరస పెట్టొద్దు. ఆ ఏడు అసెంబ్లీకి ఓటేసింది తెలంగాణ వాళ్లే. 1955లో గెలిచిన మన సభ్యులు 1962 దాకా కొనసాగారు. ఉప ఎన్నికలకు విడిగా వరస ఉండాలి: 2012లో కోవూరుకు మార్చిలో, ఒంగోలు, ఉదయగిరికి జూన్‌లో జరిగాయి. ఇలాంటివే ఎక్కువగా జారిపోతాయి.

అంకెలకు ఎన్నికల సంఘం ఏడాదివారీ గణాంక నివేదికలే ఆధారం. అయితే వాటిని కళ్లు మూసుకుని దించుకోకూడదు. 1983లో తెలుగుదేశానికి ఇంకా గుర్తింపు లేదు కాబట్టి దాని అభ్యర్థులు అందులో స్వతంత్రులుగా కనిపిస్తారు. 1978లో కాంగ్రెస్ రెండు ముక్కలు. ఇందిరా కాంగ్రెస్‌ను, రెండోదాన్ని ఒకే గడిలో కలిపితే లెక్కంతా తప్పుతుంది. ఉదయగిరిలో వెంకయ్యనాయుడు 1978లో జనతా, 1983లో బీజేపీ. కాబట్టి ఎవరికైనా ఆ ఎన్నికనాటి పార్టీయే రాయాలి. 1952, 1955లలో కొన్నిచోట్ల ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారు, ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. అక్కడ ఓట్ల మొత్తం ఓటేసినవాళ్ల సంఖ్యను దాటుతుంది. అది అచ్చుతప్పు కాదు, దిద్దకండి.

పేర్లతో కూడా జాగ్రత్త. ఇంగ్లీషు అక్షరాల్లో మన కోవూరు, గోదావరి వైపు కొవ్వూరు దాదాపు ఒకటిగానే కనిపిస్తాయి. ఆత్మకూరు పేరుతో కర్నూలు జిల్లాలోనూ 2004 దాకా నియోజకవర్గం ఉంది. నంబరును నమ్ముకున్నా చిక్కే: మన ఆత్మకూరు 2014లో 234, 2019లో 115. తెలంగాణ స్థానాలు 119 తీసేయడంతో వచ్చిన తేడా అది.

ఇక అసలు పని హద్దులు. 1978 నుంచి 2004 దాకా నియోజకవర్గాల హద్దులు ఒకే పునర్విభజన ప్రకారం ఉన్నాయి, కాబట్టి ఆ ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. హద్దులు మళ్లీ మారిన 2009 దగ్గర అడ్డగీత గీయండి. అల్లూరు, రాపూరు, కంభం, మార్టూరు అక్కడితో ఆగిపోయాయి. నెల్లూరు సిటీ, రూరల్‌గా విడిపోయింది. పాత నెల్లూరు విజేతలను సిటీ ఖాతాలో వేయడం సరికాదు. కొండపి ఎస్సీ రిజర్వుడు అయింది. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి 1976 నాటి పునర్విభజన ఉత్తర్వులో తాలూకాలు, ఫిర్కాలే (తాలూకాలోని ఊళ్ల గుంపులు) ఉంటాయి. ఫిర్కాలోని ఊళ్లను విడదీసి, ఒక్కో ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉందో చూసుకోవాలి. ఓపిక కావాలి, దగ్గరదారి లేదు. జిల్లా మార్పును మాత్రం దీనితో కలపొద్దు. కందుకూరు 1970లో నెల్లూరు నుంచి కొత్త ఒంగోలు జిల్లాకు (తర్వాత ప్రకాశం) వెళ్లి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరుకు వచ్చింది. 2022 మార్పుతో నియోజకవర్గం హద్దు అంగుళం కూడా కదలలేదు.

మండలాలవారీ బలం కావాలంటే పోలింగ్ కేంద్రాల లెక్కలుండే ఫారం-20 తీసుకుని కూడండి. పోస్టల్ ఓట్లు ఏ కేంద్రానికీ చెందవు. వాటికి వేరే వరస పెట్టకపోతే మొత్తం కుదరదు.

శాతాలు చెల్లిన ఓట్ల మీదే కట్టండి. 2014 నుంచి నోటా కూడా ఉంది. దాన్ని కలిపారో వదిలారో పట్టిక కిందే రాసి, అన్ని ఏళ్లకూ అదే పాటించండి. మెజారిటీని అచ్చులో ఉన్నా సరే మళ్లీ తీసివేసి చూసుకోవాలి. వివరణ గడిని ఖాళీగా వదలొద్దు. ఆత్మకూరు 2022 ఉప ఎన్నికలో మేకపాటి విక్రమ్‌రెడ్డి మెజారిటీ 82,888. తెలుగుదేశం పోటీ చేయలేదన్న మాట పక్కన లేకపోతే, చదివేవాళ్లు ఆ అంకెను 2019, 2024 అంకెలతో పోల్చి తప్పుదారి పడతారు.