జూడీ గార్లాండ్‌ని కొత్తగా చూడాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి

పాతతరం హాలీవుడ్ నటి, గాయని జూడీ గార్లాండ్ పేరు చెప్తే చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి ఇంద్రధనుస్సు పాట, రెండోది నిద్రమాత్రలు ఎక్కువై 47 ఏళ్లకే చనిపోయిందన్న సంగతి. అందుకే కొత్తవాళ్లు నేరుగా ఆమె కష్టాల మీద తీసిన డాక్యుమెంటరీలకో, 2019లో వచ్చిన 'జూడీ' సినిమాకో వెళ్లిపోతారు. దయచేసి అక్కడ మొదలుపెట్టొద్దు. ఆ సినిమాలో రెనీ జెల్‌వెగర్ చాలా బాగా చేసింది, ఆస్కార్ కూడా వచ్చింది, కానీ అది జూడీ చివరి రోజుల కథ, పైగా అందులో పాటలు పాడింది కూడా జెల్‌వెగరే, కాబట్టి అది చూసి జూడీ గొంతు అంటే ఇదే అనుకుంటే ఆమెకి అన్యాయం చేసినట్టే. ముందు ఆమె పని చూడండి, బతుకు గురించి తర్వాత చదవొచ్చు. నా స్నేహితులు ఎవరడిగినా నేను చెప్పే వరస ఇదీ.

సినిమా పెట్టే ముందు ఒక్క విషయం. మనకి ప్లేబ్యాక్ అలవాటు, తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది. భానుమతి గారిలా తన పాట తానే పాడుకునే హీరోయిన్లు మనకి తక్కువ. జూడీ సినిమాల్లో గొంతు ఆమెదే. పాట ముందే స్టూడియోలో రికార్డు చేసి, షూటింగ్‌లో అది వినిపిస్తుంటే పెదవులు కదిపేవాళ్లు, కానీ పాడిన మనిషీ నటించే మనిషీ ఒక్కరే కావడంతో ఊపిరి ఎక్కడ తీసుకుందో భుజాల్లో తెలుస్తుంది. ఆ భుజాల్నీ చేతుల్నీ గమనించడం అలవాటు చేసుకోండి, సగం పని అయిపోయినట్టే. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మాట అర్థమైతేనే ఆమె ఏ మాట మీద ఆగిందో పట్టుకోగలరు.

పుట్టుపూర్వోత్తరాలు ఈ కొంచెం తెలిస్తే చాలు. అసలు పేరు ఫ్రాన్సెస్ ఎథెల్ గమ్, 1922 జూన్ 10న మిన్నెసోటాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో పుట్టింది. వాళ్ల నాన్న సినిమా హాలు నడిపేవాడు, ఆ హాలు స్టేజి మీదే రెండున్నరేళ్ల వయసులో అక్కలతో కలిసి పాడింది. 13 ఏళ్లకి ఎమ్‌జీఎమ్ స్టూడియోలో చేరింది, ఆ ఏడాదే, 1935లోనే, తండ్రి పోయాడు.

మొదట 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' చూడండి. 1939 సినిమా, షూటింగ్ నాటికి ఆమెకి 16 ఏళ్లు. ఊళ్లో జరిగే భాగం గోధుమ రంగులో ఉండాలి, మాయాలోకానికి వెళ్లాకే రంగులు రావాలి. మీకు దొరికిన కాపీలో మొదటి భాగం మామూలు బ్లాక్ అండ్ వైట్‌లో ఉంటే వేరే కాపీ వెతుక్కోండి. 'ఓవర్ ది రెయిన్‌బో' ఆ గోధుమ రంగు భాగంలోనే, గడ్డీ కోళ్లూ ఉన్న పెరట్లో వస్తుంది. హెరాల్డ్ ఆర్లెన్ బాణీ, యిప్ హార్బర్గ్ మాటలు. మొదటి రెండు స్వరాలు వినండి, కింది షడ్జం నుంచి ఒక్కసారిగా పై షడ్జానికి ఎగిరిపోతుంది పాట. ఆ ఎగరడంలో ఆమె ఎక్కడా బలం చూపించదు, ఒక పిల్ల కిటికీలోంచి బయటికి చూసినంత మామూలుగా వెళ్లిపోతుంది. ప్రివ్యూ తర్వాత సినిమా నెమ్మదిస్తోందని ఈ పాటనే తీసేశారు, పట్టుబట్టినవాళ్లు ఉండబట్టి మళ్లీ పెట్టారు, ఆ ఏడాది పాటకిచ్చే ఆస్కార్ దానికే వచ్చింది.

మికీ రూనీతో చేసిన కుర్రకారు సినిమాలు ఇప్పుడే వద్దు. 'బేబ్స్ ఇన్ ఆర్మ్స్', 'బేబ్స్ ఆన్ బ్రాడ్‌వే' రెండింటిలోనూ తెల్లవాళ్లు మొహానికి నల్లరంగు పూసుకుని ఆడే ఘట్టాలున్నాయి, ఆ కాలంలో అది మామూలే అయినా చూడటం కష్టంగా ఉంటుంది, తెలిసి చూడటం మేలు.

రెండోది 'మీట్ మి ఇన్ సెయింట్ లూయిస్', 1944. తర్వాతి ఏడాది ఆమె పెళ్లి చేసుకున్న విన్సెంట్ మిన్నెల్లీ దీనికి దర్శకుడు. ట్రాలీ పాట అందరికీ నచ్చుతుంది, కానీ నేను మిమ్మల్ని ఆగమనేది క్రిస్మస్ రాత్రి కిటికీ దగ్గర. ఊరు వదిలి వెళ్లాల్సి వస్తోందని ఏడుస్తున్న చిన్న చెల్లికి 'హ్యావ్ యువర్‌సెల్ఫ్ ఎ మెర్రీ లిటిల్ క్రిస్మస్' పాడుతుంది. మొదట రాసిన మాటలు ఇంకా దిగులుగా ఉండేవి, ఏడుస్తున్న పిల్లకి ఇవి పాడితే నన్ను కఠినాత్మురాలు అనుకుంటారని జూడీయే మార్పించింది. 22 ఏళ్ల లోపు అమ్మాయి తన పాత్ర గురించి అంత స్పష్టంగా ఆలోచించిందన్నమాట. పాటలు లేకుండా ఆమె ఎలా నటిస్తుందో చూడాలంటే 1945లో వచ్చిన 'ది క్లాక్' ఉంది. ఫ్రెడ్ ఆస్టేర్‌తో చేసిన 'ఈస్టర్ పరేడ్' ఇంట్లో అందరూ కలిసి చూసేది.

'సమ్మర్ స్టాక్'లో చివరికొచ్చే 'గెట్ హ్యాపీ' పాట విడిగా చూసినా పర్లేదు. మగవాళ్ల నల్ల కోటు, టోపీ, కాళ్లు. మిగతా సినిమా అయిపోయిన కొన్ని వారాలకి అది తీశారు, అందుకే సినిమాలో కన్నా సన్నగా కనిపిస్తుంది. ఎమ్‌జీఎమ్‌లో ఆమె చేసిన చివరి సినిమా అదే, 1950లో ఒప్పందం ముగిసింది. అప్పటికి ఆమెకి 28. ఇక అయిపోయింది అనుకున్నారు, కానీ 1951లో లండన్ పల్లాడియంలోనూ, న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్‌లో 19 వారాల పాటూ జనాన్ని రప్పించింది.

ఇప్పుడు ఒక సెలవురోజు మొత్తం పెట్టుకుని 'ఎ స్టార్ ఈజ్ బోర్న్' చూడండి, 1954ది, జార్జ్ క్యూకర్ తీసింది. నిడివి చూసుకోండి, ఇది చాలా ముఖ్యం. మొదట 181 నిమిషాల సినిమా, విడుదలయ్యాక స్టూడియో 154 నిమిషాలకి కోసేసింది. 1983లో దొరికిన ముక్కలన్నీ చేర్చి, బొమ్మ పోయిన చోట్ల ఫొటోలు పెట్టి సౌండ్ వినిపిస్తూ 176 నిమిషాలకి తెచ్చారు. మీరు చూడాల్సింది ఆ 176 నిమిషాలది. మధ్యలో ఫొటోలు వచ్చినప్పుడు ఫైల్ పాడైందని ఆపేయకండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే ఒక సీన్ కోసం. ఆమె మొహానికి మచ్చలు వేసుకుని, గడ్డి టోపీ పెట్టుకుని హుషారైన పాట షూటింగ్‌లో ఉంటుంది, విరామంలో నిర్మాత గదిలోకొస్తే తాగుడుకి బానిసైన భర్త గురించి చెప్తూ చెప్తూ విరిగిపోతుంది, ప్రేమిస్తూనే అతన్ని అసహ్యించుకునే రోజులున్నాయని ఒప్పుకుంటుంది, ఇంతలో పిలుపొస్తే కళ్లు తుడుచుకుని వెళ్లి నవ్వుతూ అదే పాట పాడుతుంది. కోసిన కాపీలో ఆ పాట లేదు, ఏడుపు మాత్రమే మిగిలింది. పాట ముందూ వెనకా ఉంటేనే ఆ ఏడుపు బరువు తెలుస్తుంది. ఆ ఏడాది ఉత్తమ నటి ఆస్కార్ గ్రేస్ కెల్లీకి వెళ్లింది. నాకు ఇప్పటికీ అది తప్పే అనిపిస్తుంది.

అదే సినిమాలో అర్ధరాత్రి దాటాక, కుర్చీలు బల్లలెక్కిన క్లబ్‌లో తోటి వాద్యగాళ్ల మధ్య పాడే 'ది మ్యాన్ దట్ గాట్ అవే' ఒకే షాట్‌లో తీశారు. మొదటిసారి సినిమా వరసలో చూడండి, రెండోసారి చేతుల్నే చూడండి.

తర్వాత చీకట్లో కూర్చుని 'జూడీ ఎట్ కార్నెగీ హాల్' వినండి. 1961 ఏప్రిల్ 23 రాత్రి కచేరీ. విడి పాటలుగా వద్దు, జనం చప్పట్లతో సహా మొదటి నుంచి చివరిదాకా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. 'యు గో టు మై హెడ్' మధ్యలో మాటలు మర్చిపోతుంది, అక్కడికక్కడ ఏవో అల్లుకుని తాళం తప్పకుండా లాక్కొస్తుంది, ఆ చోటు వదలకండి. ఈ రికార్డు 13 వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది, ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది, ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ ఆమే. చివర్లో 'ఓవర్ ది రెయిన్‌బో' వస్తుంది. అది అయ్యాక వెంటనే 1939 నాటిది పెట్టుకుని మళ్లీ వినండి. గొంతు మందమైంది, అంచులు కొంచెం అరిగాయి, కానీ పాట నమ్మకం తగ్గలేదు.

అదే ఏడాది 'జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్'లో సాక్షిగా కోర్టు బోనెక్కిన జర్మన్ మహిళగా కాసేపు కనిపిస్తుంది, ఒక్క పాట లేదు, సహాయనటిగా నామినేషన్ వచ్చింది. 1963-64లో సీబీఎస్‌లో వచ్చిన టీవీ షో 26 ఎపిసోడ్లూ చూడనక్కర్లేదు. 21 ఏళ్ల బార్బ్రా స్ట్రైసాండ్‌తో కలిసి పాడినదీ, కెనడీ హత్య జరిగిన కొద్ది వారాలకి పాడిన 'బ్యాటిల్ హిమ్'ఊ చూస్తే సరిపోతుంది.

ఇదంతా అయ్యాక జీవితకథ చదవండి. స్టూడియో రోజుల్లోనే మెలకువగా ఉండటానికి ఒక మాత్ర, నిద్రకి ఇంకో మాత్ర ఇచ్చేవాళ్లని ఆమే చెప్పుకుంది. అయిదు పెళ్లిళ్లు, అప్పులు, 1969 జూన్ 22న లండన్‌లో మరణం, అది ప్రమాదవశాత్తూ జరిగిందనే తేల్చారు. ఇప్పుడవి చదువుతుంటే ఎవరి గురించి చదువుతున్నారో మీకు తెలుస్తుంది. పక్కన 1964 నవంబర్‌లో లండన్ పల్లాడియంలో కూతురు లైజా మిన్నెల్లీతో కలిసి పాడిన రికార్డు పెట్టుకోండి. లైజాకి అప్పుడు 18 ఏళ్లు.