నిద్రలో ఆక్సిజన్ పదేపదే పడిపోతుంటే: రాత్రి రిపోర్టు తీయడం, చదవడం, ఆ తర్వాత చేయవలసినది

రాత్రంతా వేలికి పల్స్ ఆక్సీమీటరు పెట్టుకుని నిద్రపోయి, పొద్దున్నే రిపోర్టు తెరిచినవారిలో ఎక్కువమంది ముందుగా వెతికేది కనిష్ఠ అంకెనే. అక్కడ 79 కనబడితే గుండె జారుతుంది, 91 కనబడితే హమ్మయ్య అనుకుంటారు. రెండూ తొందరపాటే. ఆక్సిజన్ ఒక్కసారి ఎంత లోతుకు పడిందన్నదాని కంటే, రాత్రి మొత్తంలో ఎన్నిసార్లు పడి లేచింది, పడినప్పుడల్లా ఎంతసేపు కిందనే ఉండిపోయింది అన్నవే శరీరం మీద పడే భారాన్ని బాగా తెలియజేస్తాయి.

ఇలా పడి లేవడానికి అత్యంత సాధారణమైన కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటాయి గానీ గాలి లోపలికి పోదు. పది సెకన్లు లేదా అంతకు మించి గాలి ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. చివరకు మెదడు క్షణకాలం మేలుకుంటుంది, గొంతు తెరుచుకుంటుంది, పెద్ద గురకతో శ్వాస మళ్లీ మొదలై ఆక్సిజన్ ఒక్క ఊపున పైకి లేస్తుంది. నిద్రపోతున్న మనిషికి ఇదేదీ గుర్తుండదు. తీవ్రమైన దశలో ఇది గంటకు 30 సార్లు, అంతకంటే ఎక్కువే జరుగుతుంది. అంటే రెండు నిమిషాలకొకసారి.

పడి లేవడం శరీరాన్ని ఏం చేస్తుంది

ఎత్తైన పర్వతప్రాంతాలకు వెళ్లినవారికీ రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. అయితే అక్కడి తగ్గుదల నిలకడగా ఉంటుంది కాబట్టి శరీరానికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది: శ్వాస పెరుగుతుంది, మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్‌ను విడుదల చేస్తాయి, కొన్ని వారాల్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. ఆప్నియాలో ఆ వ్యవధి లేదు. కణం తక్కువ ఆక్సిజన్‌కు తగినట్టు తన పనిని మార్చుకోబోయేలోగానే ఆక్సిజన్ తిరిగి వచ్చేస్తుంది, అలా వచ్చినదానిలో కొంత సూపరాక్సైడ్ వంటి చురుకైన అణువులుగా మారి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచినప్పుడు, తిరిగి ప్రవహించిన రక్తం వల్ల కలిగే హాని కూడా ఈ కోవకు చెందినదే. ఇక్కడ అది చిన్న మోతాదులో, రాత్రికి వందలసార్లు జరుగుతుంది. ఆ పొర దెబ్బతిన్నప్పుడు, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి, నాళాలు అవసరమైనప్పుడు వ్యాకోచించే గుణాన్ని కొంత కోల్పోతాయి.

రెండవ మార్గం నరాలది, నా దృష్టిలో ఇదే ఎక్కువ ముఖ్యమైనది. మెడకు రెండు పక్కలా, కరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, గింజంత పరిమాణంలో ఉండే కరోటిడ్ బాడీలు రక్తంలోని ఆక్సిజన్‌ను క్షణక్షణం కనిపెడుతుంటాయి. ఈ ప్రాంతంలోని నరాలు శ్వాసను నియంత్రించే తీరును వివరించినందుకే కార్నెయ్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. ఆక్సిజన్ పడగానే ఇవి, శరీరాన్ని అత్యవసర స్థితికి సిద్ధం చేసే సింపథెటిక్ నరాలను ఉసిగొల్పుతాయి. నాళాలు బిగుసుకుని రక్తపోటు లేస్తుంది. ఇది రాత్రితో ఆగిపోతే పెద్ద చిక్కు లేదు. కానీ పదేపదే ఉలిక్కిపడిన కరోటిడ్ బాడీలు క్రమంగా అతిసున్నితంగా మారి, పగటిపూట ఆక్సిజన్ మామూలుగా ఉన్నా నరాలను ఎగదోస్తూనే ఉంటాయి. యూజీన్ ఫ్లెచర్ బృందం 1992లో ఎలుకలకు ఇలా విడతలవారీగా ఆక్సిజన్ తగ్గించి చూసినప్పుడు వాటి పగటి రక్తపోటు కూడా పెరిగింది. కరోటిడ్ బాడీల నరాలను ముందే కత్తిరించిన ఎలుకల్లో అలా పెరగలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో నండూరి ప్రభాకర్ బృందం దీనినే కణాల స్థాయికి తీసుకువెళ్లి, ఆక్సిడెంట్లను (పైన చెప్పిన చురుకైన అణువులను) పెంచే హిఫ్-1 అనే ప్రోటీన్ ఎక్కువవడం, వాటిని అణచే ఎంజైములకు తోడ్పడే హిఫ్-2 తగ్గడం ఈ అతిసున్నితత్వానికి మూలమని చూపింది.

మనుషుల్లో దీని ఫలితం స్పష్టంగానే కనబడుతుంది. ఆరోగ్యవంతులకు రాత్రి రక్తపోటు పగటికంటే సుమారు 10 నుంచి 20 శాతం తగ్గాలి. ఆప్నియా ఉన్న చాలామందిలో ఆ తగ్గుదల ఉండదు. మూడు రకాల మందులు వాడినా రక్తపోటు లొంగని వారిలో ఆప్నియా ఉందేమో చూడమని వైద్యులు చెప్పడానికి ఇదే కారణం. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ దోషం, జ్ఞాపకశక్తి మందగించడం కూడా ఆప్నియాతో ముడిపడి ఉన్నాయి. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడాన్ని వయసు మీదికో ప్రోస్టేట్ మీదికో నెట్టేస్తుంటారు గానీ, మూసుకుపోయిన గొంతుతో గాలి పీల్చబోయినప్పుడు ఛాతీలో ఏర్పడే ఒత్తిడి వల్ల గుండె గదులు సాగి, మూత్రాన్ని పెంచే హార్మోనును విడుదల చేయడం కూడా దానికొక కారణం.

రిపోర్టు తీసేటప్పుడు

ప్రతి సెకనుకూ లేదా కొద్ది సెకన్లకొకసారి రీడింగును దాచుకునే పరికరమే దీనికి పనికొస్తుంది. అనేక స్మార్ట్ వాచీలు రాత్రిలో అప్పుడప్పుడు మాత్రమే కొలుస్తాయి; ముప్పై సెకన్లలో పడి లేచేదాన్ని అవి పట్టుకోలేవు. పరికరం రీడింగులను ఎక్కువ సెకన్లకు సగటు కట్టినా చిన్న లోయలు చదునైపోతాయి కాబట్టి, ఆ వ్యవధిని మార్చుకునే వీలుంటే 3 సెకన్లకు మించకుండా పెట్టుకోవాలి. గోళ్ల రంగు తీసేయాలి, చేతులు చల్లగా ఉంటే వెచ్చబరచుకోవాలి. ఆక్సీమీటర్లు ముదురు చర్మం ఉన్నవారిలో అసలుకంటే కాస్త ఎక్కువ చూపించవచ్చని, 2 లేదా 3 శాతం తేడా వీటికి మామూలేనని గుర్తుంచుకోవాలి. ఒక్క రాత్రితో నిర్ణయానికి రాకుండా రెండు మూడు రాత్రులు తీసి, ఏ రాత్రి మద్యం తీసుకున్నారో, నిద్రమాత్ర వేసుకున్నారో, ముక్కు దిబ్బడగా ఉందో పక్కన రాసిపెట్టుకోవాలి.

రిపోర్టు చదివేటప్పుడు

అంకెల జోలికి పోకముందు గీతను చూడాలి. ఆప్నియా గీత రంపపు పళ్లలా ఉంటుంది: మెల్లగా దిగి, ఠక్కున లేచి, మళ్లీ దిగుతుంది. పళ్లు గుత్తులుగా, ముఖ్యంగా తెల్లవారుజామున దట్టంగా ఉంటే అవి కలలు వచ్చే ఆర్ఈఎం నిద్రలోనివి కావచ్చు, ఎందుకంటే ఆ దశలో గొంతు కండరాలు ఇంకా ఎక్కువ సడలుతాయి, ఆ నిద్ర రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. పళ్లు లేకుండా గీత గంటలకొద్దీ 88 దగ్గరే పాకుతుంటే అది వేరే కథ. ఊపిరితిత్తుల జబ్బునో, స్థూలకాయం వల్ల శ్వాస చాలకపోవడాన్నో అనుమానించాలి. గీత నిట్టనిలువుగా కూలి, అదే క్షణంలో నాడి రీడింగు కూడా చెదిరితే వేలు కదిలిందనో పరికరం జారిందనో భావించి దాన్ని వదిలేయవచ్చు. జనాన్ని భయపెట్టే కనిష్ఠ అంకె చాలాసార్లు ఇక్కడి నుంచే వస్తుంది.

తర్వాత ఓడీఐ, అంటే గంటకు ఆక్సిజన్ ఎన్నిసార్లు పడిందన్న లెక్క. ఏడు గంటల రికార్డులో 140 సార్లు పడితే ఓడీఐ 20. అయితే 3 శాతం తగ్గినా పడినట్టు లెక్కించారా, 4 శాతం తగ్గితేనే లెక్కించారా అన్నది చూసుకోకుండా రెండు రిపోర్టులను పోల్చకూడదు. మొదటి పద్ధతిలో అంకె ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. నిద్ర పరీక్షలో శ్వాస ఆగడాలను, సన్నగిల్లడాలను కలిపి లెక్కించే ఏహెచ్ఐ 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం అంటారు. ఓడీఐ దానికి దగ్గరగా ఉంటుంది గానీ దానితో సమానం కాదు. ఆక్సీమీటరుకు మీరెప్పుడు మేలుకొని ఉన్నారో తెలియదు, మేలుకున్న సమయాన్ని కూడా నిద్రగానే లెక్కిస్తుంది, అందువల్ల ఓడీఐ అసలుకంటే తగ్గి కనబడవచ్చు.

మూడవది, ఆక్సిజన్ 90 శాతం కంటే తక్కువగా ఉన్న సమయం. ఏడు గంటల్లో 10 శాతం అంటే 42 నిమిషాలు. 90నే గీటురాయిగా పెట్టుకోవడానికి కారణం ఉంది: అక్కడ ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది, దాని కిందికి దిగితే పీడనంలో కొద్దిపాటి తగ్గుదలకే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను వేగంగా కోల్పోతుంది.

రిపోర్టు బాగుందంటే ఆప్నియా లేదని కాదు. వయసులో ఉన్న సన్నటివారికి ఆక్సిజన్ అంతగా పడకముందే మెలకువ వస్తుంటుంది. బిగ్గరగా గురక, పగలు అలసట, శ్వాస ఆగడం ఇంట్లోవారు గమనించడం, అధిక రక్తపోటు, బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు సూచిక) 35 దాటడం, వయసు 50 దాటడం, లావు మెడ, పురుషుడు కావడం అన్న ఎనిమిది అంశాల స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిలో మూడో అంతకంటే ఎక్కువో వర్తిస్తే, ఆక్సీమీటరు ఏం చెప్పినా నిద్ర పరీక్ష గురించి వైద్యుడిని అడగాలి.

చేయవలసినవి, చేయకూడనివి

సొంతంగా ఆక్సిజన్ యంత్రం తెచ్చి పెట్టుకోకూడదు. మూసుకుపోయిన గొంతును ఆక్సిజన్ తెరవలేదు; రీడింగు బాగుపడినట్టు కనిపిస్తూనే కొందరిలో శ్వాస ఆగే వ్యవధి పెరిగి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. విడతలవారీగా ఆక్సిజన్ తగ్గించడం ఆరోగ్యానికి మంచిదని చెప్పి అమ్మే మాస్కుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పరిశోధనల్లో మేలు కనిపించినది స్వల్పంగా, రోజుకు కొద్దిసార్లు మాత్రమే తగ్గించినప్పుడు. ఆప్నియా మోతాదు దానికి ఎన్నో రెట్లు.

వెంటనే చేయదగినవి కొన్ని ఉన్నాయి. వెల్లకిలా పడుకున్నప్పుడే పళ్లు ఎక్కువ వస్తుంటే పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకోవాలి. మద్యం, మత్తు కలిగించే మందులు గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి కాబట్టి పడుకునేముందు మద్యం మానాలి, మందుల సంగతి వైద్యుడితో మాట్లాడాలి. అధిక బరువు ఉన్నవారికి బరువు తగ్గడం నిజంగా పనిచేస్తుంది. పగలు నిద్ర తూలుతుంటే చికిత్స కుదిరేదాకా వాహనం నడపకూడదు.

మధ్యస్థ, తీవ్ర దశలకు ప్రధాన చికిత్స సీప్యాప్. కోలిన్ సల్లివన్ 1981లో ప్రచురించిన ఈ పద్ధతిలో ముక్కు మాస్కు ద్వారా వచ్చే గాలి ఒత్తిడే గొంతును తెరిచి ఉంచుతుంది. దాన్ని ఎన్ని గంటలు వాడుతున్నారన్నది ముఖ్యం. 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో సీప్యాప్ గుండెపోట్లను, పక్షవాతాన్ని తగ్గించినట్టు తేలలేదు, కానీ అందులో పాల్గొన్నవారు సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. తెల్లవారుజామున మూడింటికి మాస్కు తీసేసేవారు, పళ్లు దట్టంగా వచ్చే వేళను సరిగ్గా వదిలేస్తున్నారన్నమాట. మాస్కు సరిపడకపోతే కింది దవడను ముందుకు జరిపి ఉంచే దంత పరికరం కొందరికి ప్రత్యామ్నాయం.

మెలకువగా, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా రీడింగు 92 కంటే తక్కువగా నిలిచి ఉంటే అదే రోజు వైద్యుడిని కలవాలి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు తమ వైద్యుడు చెప్పిన హద్దును పాటించాలి. పెదాలు నీలంగా మారడం, ఛాతీ నొప్పి, అయోమయం, మాట్లాడలేనంత ఆయాసం ఉంటే మాత్రం రీడింగు కోసం ఆగకుండా అత్యవసర వైద్యానికి వెళ్లాలి.

చికిత్స కుదిరిన కొన్ని వారాల తర్వాత అదే పరికరంతో, అదే సెట్టింగులతో మళ్లీ రికార్డు చేయించాలి. రంపపు పళ్లు పోయి ఓడీఐ 5 లోపుకు వచ్చినా, 90 కంటే తక్కువగా ఉన్న సమయం ముందులాగే ఉంటే, గొంతు తెరుచుకున్నా ఊపిరితిత్తుల్లోనో శ్వాస బలంలోనో ఇంకేదో లోపం మిగిలిందని అర్థం. అప్పుడు రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి ఊపిరితిత్తుల నిపుణుడికి చూపించాలి.