ఆర్‌ఎం ఉద్యోగం వదిలి సొంతంగా, నాలుగో పాఠం: రిజైన్ చేసే ముందు ట్రైల్ లెక్క

పోయిన మూడు పాఠాలు చదవనోళ్ళకి గబగబా చెప్పేస్తా. పెద్ద బ్రోకరేజ్ కంపెనీలోనో బ్యాంకులోనో రిలేషన్‌షిప్ మేనేజర్‌గా చేస్తా బయటికొచ్చేయాలనుకునేవాళ్ళకి దార్లు మూడు ఉండాయి. ఒకటి మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్, అంటే ఫండ్లు అమ్మి కమీషన్ తీసుకునేవాడు, దీనికి ఎన్‌ఐఎస్‌ఎం అనే సంస్థ పెట్టే ఫైవ్-ఏ పరీక్ష పాసయి ఫండ్ కంపెనీల సంఘం ఆంఫీ దగ్గర ఏఆర్‌ఎన్ (డిస్ట్రిబ్యూటర్ రిజిస్ట్రేషన్ నంబర్) తీసుకుంటే చాలు. రెండోది సెబీ (షేర్ మార్కెట్‌ని అదుపుచేసే సంస్థ) రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్, దీనికి టెన్-ఏ టెన్-బీ అని రెండు పరీక్షలు, డిగ్రీ, డిపాజిట్ కావాలి, కమీషన్ ముట్టకూడదు, ఫీజు క్లయింట్ దగ్గరే తీసుకోవాలి. మూడోది ఇంకో బ్రోకర్ కింద ఆథరైజ్డ్ పర్సన్, ఇది పేరుకే సొంతం అని నా అభిప్రాయం. తిరుపతి, చిత్తూరు పక్క బయటికొచ్చేవాళ్ళు ఎక్కువమంది పట్టేది మొదటిదారే, ఎందుకంటే ఇక్కడ నెలకింతని ఫీజు అడిగితే "సలహాకి కూడా డబ్బులా సామీ" అంటారు. అందుకే ఈ పాఠమంతా డిస్ట్రిబ్యూటర్ లెక్కే, అంటే ట్రైల్ లెక్క, ట్రైల్ అంటే క్లయింట్ డబ్బు ఫండ్‌లో ఉన్నన్నాళ్ళూ వచ్చే కమీషన్. అన్నట్టు బోర్డు కొట్టించేముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, డిస్ట్రిబ్యూటర్‌గా ఉంటూ కార్డు మీద వెల్త్ అడ్వైజర్ అనో ఫైనాన్షియల్ అడ్వైజర్ అనో వేసుకోకూడదు, 2020లో సెబీ అడ్వైజర్ల రూల్స్ మార్చినప్పుడు దాన్ని ఆపేసింది. మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్ అని వేసి కింద ఏఆర్‌ఎన్ నంబర్ వేయండి.

క్లయింట్ మీవాడే, ఫోలియో మీది కాదు

ఇప్పుడు అసలు సంగతి. ఉద్యోగం వదిలే ప్రతివాడూ నోటిలెక్క ఒకటి వేసుకుంటాడు, నా కింద క్లయింట్ల డబ్బు పన్నెండు కోట్లుంది, అందులో సగం వచ్చినా ఆరు కోట్లు, ఇంక నాకేం తక్కువ అని. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడాలంటే మీ క్లయింట్ స్టేట్‌మెంట్ ఒకటి తీసి చూడండి. పేరు, పాన్, ఫోలియో నంబర్ (ఫండ్ కంపెనీ దగ్గర క్లయింట్ ఖాతా నంబర్) అవన్నీ వదిలేసి స్కీమ్ పేరు దగ్గర అడ్వైజర్ అనో బ్రోకర్ అనో ఉండేచోట చూస్తే ఏఆర్‌ఎన్ అని ఒక నంబర్ కనిపిస్తుంది. అది మీది కాదు, మీ కంపెనీది. అప్లికేషన్ ఫారంలో దాని పక్క గడిలోనే మీ ఈయూఐఎన్ (అమ్మిన ఉద్యోగి నంబర్) కూడా రాసుంటారు, ఇంగ్లీషు ఈ అక్షరంతో మొదలై ఆరంకెలుంటాయి, అది మాత్రం మీదే. కానీ దాన్ని పెట్టింది మీకు డబ్బులివ్వడానికి కాదు, ఎవరు అమ్మారో తెలియడానికి. రేపు ఉద్యోగం మానేసినా సరే, అబద్ధం చెప్పి అంటగట్టాడని కంప్లైంట్ వస్తే పట్టుకోవడానికి. అంటే బాధ్యత మీ వెనకాలే వస్తుంది, ట్రైల్ కమీషన్ మాత్రం ఏఆర్‌ఎన్ వెనకాల పోతుంది. కొంచెం అన్యాయంగానే ఉంటుంది గానీ రూల్ అదే.

మరి క్లయింట్ "నువ్వు యాడికి పోతే నేనూ ఆడికే వస్తా నాయనా" అంటాడు కదా, ఎస్వీ యూనివర్సిటీలో రిటైరయిన సారు కాఫీ ఇచ్చి మరీ అంటాడు. నిజంగానే అంటాడు, అబద్ధం కాదు. ఆయన రావడానికి దారి కూడా ఉంది, డిస్ట్రిబ్యూటర్‌ని మార్చమని ఫోలియో నంబర్, కొత్త ఏఆర్‌ఎన్ రాసి సంతకం పెట్టి ఫండ్ కంపెనీకో, వాళ్ళ రికార్డులు చూసే క్యామ్స్‌కో కేఫిన్‌టెక్‌కో ఇస్తే సరిపోతుంది. పాత డిస్ట్రిబ్యూటర్ దగ్గర నో అబ్జెక్షన్ తెమ్మని వాళ్ళు అడగకూడదు, 2009 డిసెంబర్‌లోనే సెబీ ఆ పేచీ తీసేసింది. కాబట్టి మీ పాత మేనేజర్ "మేం ఎన్‌ఓసీ ఇవ్వం" అని బెదిరిస్తే బెదరొద్దు.

కానీ కోడ్, అంటే ఏఆర్‌ఎన్, మారినంత మాత్రాన మర్నాటి నుంచి ఆ పాత డబ్బు మీద ట్రైల్ అదే రేటుతో మీ అకౌంట్లో పడుతుందని మాత్రం లెక్కలో రాయొద్దు. సంతకం పెట్టించుకోవడం ఒకటి, ట్రైల్ రావడం ఒకటి, రెండూ వేరే వేరే సంగతులు. ప్రతి ఫండ్ కంపెనీకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి, అది చేతికొచ్చేదాకా పాత డబ్బు కాలమ్‌లో సున్నా వేయండి. నేనైతే సున్నానే వేస్తా.

అప్పుడు కొందరు అతితెలివి చేస్తారు. కోడ్ మార్పు ఎందుకు, పాతది అమ్మించేసి నా కోడ్ కింద మళ్ళీ కొనిపిస్తే పోలా అని. ఇక్కడ కాసేపు ఆగి లెక్క చూడాలబ్బా. సారుకి షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌లో పది లక్షలుంది, అందులో లాభం నాలుగు లక్షలు, కొని ఏడాది దాటింది అనుకోండి. 2024 జూలై 23 నుంచి అమ్మితే లాంగ్ టర్మ్ గెయిన్ మీద ఏడాదికి 1.25 లక్షలు వదిలేసి మిగతాదానికి 12.5 శాతం పన్ను. అంటే 2.75 లక్షల మీద 34,375 రూపాయలు, సెస్సు అదనం. ఆ పది లక్షలు మీ కోడ్‌లోకి వచ్చినందుకు మీకు ఏడాదికి ఎంత? 0.8 శాతం అనుకుంటే 8,000. మీకు ఎనిమిది వేలు రావడానికి ఆ పెద్దాయన చేత ముప్పైనాలుగు వేలు పన్ను కట్టిస్తారా? ఏడాది కూడా కాకముందే అమ్మిస్తే ఇంకా ఘోరం, లాభం మీద 20 శాతం పన్ను, పైన చాలా ఈక్విటీ ఫండ్లలో ఒక శాతం ఎగ్జిట్ లోడ్, అంటే తొందరగా తీసినందుకు కోత. స్విచ్ అన్నా కూడా అమ్మకమే, పన్నుకి తేడా లేదు. ఆయనకి తెలియకపోయినా బెంగళూరులో ఉండే కొడుక్కి తెలుస్తుంది, ఆ రోజుతో ఆ ఇల్లే కాదు బాలాజీ కాలనీలో ఆ వీధంతా పోతుంది.

దానికి బదులు చేయాల్సింది ఏందంటే, పాతది ఉన్నచోటే ఉండనియ్యండి, ఇకమీద పెట్టే కొత్త డబ్బు మీ ఏఆర్‌ఎన్‌తో పెట్టించండి. ఫోలియో పాతదైనా పర్లేదు, కోడ్ ఏ కొనుగోలుకి ఆ కొనుగోలుకే రాస్తారు కాబట్టి కొత్త ఎస్‌ఐపీ (నెలనెలా కట్టేది) మీ నంబర్ మీద మొదలవుతుంది. ఇవన్నీ డీమ్యాట్‌లో లేని యూనిట్ల సంగతి, డీమ్యాట్‌లో ఉండేవాటి దారి వేరు, దాన్ని ఆరో పాఠంలో చూద్దాం.

ఎక్సెల్ షీట్ ఎత్తుకొస్తే?

అమెరికాలో ఇదే పని చాలా ఏళ్ళ నుంచి జరుగుతా ఉంది. అక్కడ పెద్ద కంపెనీల నుంచి అడ్వైజర్లు బయటికి పోతుంటే కంపెనీలు కోర్టుకెక్కి ఆర్డర్లు తెచ్చేవి, లాయర్ల ఫీజులు రెండు పక్కలా తడిసి మోపెడయ్యాక 2004లో మెరిల్ లించ్, స్మిత్ బార్నీ, యూబీఎస్ కూర్చుని బ్రోకర్ ప్రోటోకాల్ అని ఒక ఒప్పందం రాసుకున్నాయి. పోయేవాడు ఐదే ఐదు పట్టుకుపోవచ్చు, క్లయింట్ పేరు, అడ్రసు, ఫోన్ నంబర్, ఈమెయిల్, అకౌంట్ ఏ పేరున ఉందో ఆ టైటిల్. స్టేట్‌మెంట్లు, అకౌంట్ నంబర్లు ముట్టకూడదు. తర్వాత చాలా కంపెనీలు చేరాయి గానీ 2017 చివర్లో మోర్గాన్ స్టాన్లీ, ఆ వెనకే యూబీఎస్ బయటికొచ్చేశాయి, మనుషులు మరీ తేలిగ్గా పోతున్నారని.

మనకి అలాంటి ఒప్పందం ఏమీ లేదు. కాబట్టి ఆ ఐదు కూడా మీ హక్కు అనుకోవద్దు. ఆఫీస్ సిస్టం నుంచి క్లయింట్ లిస్టు సొంత మెయిల్‌కి పంపుకోవడం, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడం, స్క్రీన్‌కి ఫోన్‌తో ఫోటోలు తీసుకోవడం, ఈ మూడూ చేయొద్దు. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి రెండు క్లాజులు వేరేవేరేగా చదవండి. ఉద్యోగం మానేశాక రెండేళ్ళు ఇదే వ్యాపారం చేయకూడదు అని రాసుంటే, 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు, ఉద్యోగం అయిపోయాక వర్తించే అలాంటి షరతుల్ని మన కోర్టులు మామూలుగా ఒప్పుకోవు. కానీ కంపెనీ సమాచారం బయటికి తీసుకుపోకూడదు అనే క్లాజు అలాంటిది కాదు, అది పట్టుకుంటుంది. మొదటిది చూసి భయపడి రెండోదాన్ని లెక్కచేయనోళ్ళే ఎక్కువ. క్లయింట్లని పిలవకూడదు అనే క్లాజు ఉంటే ఒకసారి లాయర్‌కి చూపించండి, చిత్తూరు కోర్టు దగ్గర ఒక కన్సల్టేషన్‌కి అయ్యే ఖర్చు తర్వాత నోటీసు వస్తే అయ్యే ఖర్చు ముందు ఏమంత కాదు. ఇంకా ఉద్యోగంలో ఉండగానే క్లయింట్లకి "నేను పోతున్నా, మీరూ రండి" అని వాట్సాప్ పెట్టడం అన్నిటికంటే తప్పు, అది స్క్రీన్‌షాట్ అయి మీ బ్రాంచ్ మేనేజర్‌కే వస్తుంది.

లెక్క

పేపర్, పెన్ తీసుకోండి. 2018 అక్టోబర్‌లో సెబీ ముందస్తు కమీషన్ ఎత్తేసింది, అప్పట్నుంచి దాదాపు అంతా ట్రైలే, అంటే క్లయింట్ డబ్బు ఎంత ఉందో ఆ విలువ మీద రోజువారీ లెక్కగట్టి ఇస్తారు. ఈక్విటీకి ఎక్కువ, బాండ్లలో పెట్టే డెట్ ఫండ్లకి తక్కువ, కొద్దిరోజులకి డబ్బు దాచే లిక్విడ్ ఫండ్లకి మరీ తక్కువ, పెద్ద స్కీములకి ఖర్చు పరిమితి తక్కువ కాబట్టి కమీషన్ కూడా తగ్గుతుంది. నేర్చుకోవడానికి సగటున 0.8 శాతం అని పెట్టుకుందాం, మీ అసలు రేట్లు ఫండ్ కంపెనీల రేట్ షీట్లలో చూసి మార్చుకోండి.

కోటి రూపాయలుంటే ఏడాదికి 80,000, నెలకి 6,667. ఇదొక్కటి తలకెక్కితే సగం పాఠం అయిపోయినట్టే.

ఇప్పుడు ఎస్‌ఐపీ. మొదటి నెలలోనే వంద మంది చేత తలా మూడువేలు పెట్టించారనుకోండి, నిజానికి అది చాలా పెద్ద పని, అయినా అనుకుందాం. నెలకి మూడు లక్షలు. మొదటి నెల 3, రెండో నెల 6, అలా పన్నెండో నెలకి 36 లక్షలు. కానీ ట్రైల్ వచ్చేది 36 మీద కాదు, ఏడాది పొడుగునా ఉన్న సగటు మీద. 3 నుంచి 36 దాకా కూడి పన్నెండుతో భాగిస్తే 19.5 లక్షలు. దాని మీద 0.8 శాతం అంటే 15,600. నెలకి కాదండీ, ఏడాదికి! వంద ఇళ్ళు తిరిగి, వంద కేవైసీలు చేసి, వంద మ్యాండేట్లు (నెలనెలా ఖాతాలోంచి డబ్బు తీసుకోమని బ్యాంకుకిచ్చే అనుమతి) పెట్టిస్తే ఏడాదికి పదిహేను వేల ఆరువందలు. రెండో ఏడు 36కి 19.5 కలిపి 55.5 లక్షల మీద 44,400. మూడో ఏడు 91.5 లక్షల మీద 73,200. మూడేళ్ళకి మొత్తం 1,33,200.

మార్కెట్ పెరుగుదల కలపలేదేంది అంటారు. కలపొద్దు, పెరిగితే పండగ చేసుకోండి, పడితే మీ జీతం కూడా అంతే శాతం పడుతుంది, మీకు డబ్బు బాగా అవసరమైన నెలలోనే పడుతుంది.

ఇక ఖర్చు. ఇంటికి నెలకి ముప్పైవేలు, పెట్రోలు, ఫోన్, నెట్, చిన్న గది అన్నీ కలిపి పదివేలు, మొత్తం నలభై. ఏడాదికి 4.8 లక్షలు. ఇది ట్రైల్ మీదే రావాలంటే 0.8 శాతం దగ్గర ఆరు కోట్లు కావాలి. మూడేళ్ళ ఖర్చు 14.4 లక్షలు. ఎస్‌ఐపీల మీద వచ్చింది 1.33 లక్షలు, మొదటి రోజే ఎవరో దయగలవాళ్ళు కోటి లమ్సమ్‌గా, అంటే ఒకేసారి, పెట్టారనుకుంటే మూడేళ్ళకి ఇంకో 2.4 లక్షలు. అయినా 10,66,800 తక్కువే. ఆ సొమ్ము మీ సేవింగ్స్‌లో ఉందా, లేదా ఇంట్లో ఇంకొకరి జీతం ఉందా, ఈ రెండూ లేకపోతే రిజైన్ లెటర్ డ్రాఫ్ట్‌లోనే ఉంచి పరీక్ష రాసి పెట్టుకోండి. హోమ్ లోన్ నెత్తిన పెట్టుకుని బయటికొద్దామనుకునేవాళ్ళని నేను గట్టిగా ఆపుతా.

ఒక లోకల్ సంగతి కూడా లెక్కలో వేయాలి. టీటీడీ ఉద్యోగులకి, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో చేసేవాళ్ళకి జీతం తేదీ తప్పదు, ఎస్‌ఐపీ నడుస్తుంది. చిత్తూరు పక్క తోతాపురి తోటలున్న ఆయనకి నెలనెలా ఎస్‌ఐపీ పెట్టిస్తే మ్యాండేట్ బౌన్సయి బ్యాంకు ఛార్జీలు పడతాయి, తిట్లు మీకు పడతాయి. ఆయన డబ్బు కాయ కోతయ్యాక వస్తుంది, అదీ పల్ప్ ఫ్యాక్టరీ వాళ్ళు ఎప్పుడిస్తే అప్పుడు. అలాంటివాళ్ళకి వచ్చినప్పుడు ఒకేసారి లిక్విడ్‌లో పెట్టించి అక్కడి నుంచి నెలకింతని ఈక్విటీకి పంపే ఎస్‌టీపీ నయం. కాకపోతే లిక్విడ్‌లో ఉన్నన్నాళ్ళూ మీ ట్రైల్ నామమాత్రం, ఆ గడిలో 0.8 వేయకండి.

అభ్యాసం

పైన చెప్పిన వంద ఎస్‌ఐపీల్లో రెండో ఏడాది మొదట్లో ఇరవై ఆగిపోయాయి, కట్టిన డబ్బు తీయలేదు, కొత్తది రావడంలేదు. రెండో ఏడు, మూడో ఏడు ట్రైల్ ఎంత? రేటు 0.8 శాతమే, లమ్సమ్ లేదు. చేశాక సరిచూసుకోండి, రెండో ఏడు 41,280, మూడో ఏడు 64,320 రావాలి. రాకపోతే మీరు సగటు తీయకుండా పన్నెండో నెలాఖరు విలువ మీద లెక్కేసినట్టు, ఎక్కువమంది అక్కడే జారతారు. తర్వాత అదే పట్టికలో మీ సొంత నంబర్లు వేసి, పాత కంపెనీ డబ్బు కాలమ్‌లో సున్నా పెట్టి పక్కన ఉంచుకోండి, ఐదో పాఠంలో కోడ్ మార్పు ఫారం నింపడం, క్యామ్స్ ఆఫీసులో ఎందుకు వెనక్కి పంపుతారో చూసేటప్పుడు ఆ పట్టికతో పని ఉంటుంది.