పిల్లల మొదటి ఈత పోటీకి ఇంటిల్లిపాదీ ఎలా సిద్ధం కావాలి?

మొదటి పోటీకి పేరు ఇచ్చేసరికే పిల్లలకి ఈత వచ్చి ఉంటుంది. రాకపోతే కోచ్ ఒప్పుకునేవారే కాదు. వాళ్లకి తెలియనివి వేరే ఉంటాయి. ఎక్కడ కూర్చోవాలి? ఎవరు పిలుస్తారు? ఆ విజిల్ ఎందుకు ఊదారు? గాగుల్స్ జారిపోతే ఆగాలా, ఈదాలా? అందరికంటే ఆఖరున వస్తే ఇంట్లో ఏమంటారు? పిల్లల్ని భయపెట్టేవి ఎక్కువగా ఇవే. ఈత సంగతి కోచ్ చూసుకుంటారు. ఈ మిగతాదంతా ముందుగానే అలవాటు చేయడం ఇంట్లోవాళ్ల పని, దానికి ఒకటి రెండు వారాలు చాలు.

1. ఏ ఈవెంట్లలో దిగాలో కోచ్‌కే వదిలేయండి

మొదటిసారి రెండు మూడు చిన్న రేసులు సరిపోతాయి. వచ్చిన స్ట్రోక్‌లన్నిటిలో పేరు ఇచ్చేయాలని మనకి ఉత్సాహంగా ఉంటుంది కానీ, సాయంత్రానికి నీరసపడిపోయేది పిల్లలు. మీరు మాత్రం కోచ్‌ని మూడు విషయాలు అడగండి.

ఒకటి, వయసు ఏ తేదీ నాటికి లెక్కేస్తారు, పుట్టిన తేదీకి ఏ కాగితం చూపించాలి అని. పుట్టినరోజు దగ్గర్లో ఉంటే వయసు గ్రూపు మారిపోవచ్చు.

రెండు, ఆ పూల్ పొడవు ఎంత అని. రోజూ 25 మీటర్ల పూల్‌లో ఈదేవాళ్లకి 50 మీటర్ల పూల్ అవతలి గోడ ఎంతకీ రానట్టే ఉంటుంది. మధ్యలో గోడ తన్ని ఊపు తెచ్చుకునే అవకాశమూ ఉండదు. ఈ మాట ముందే చెప్పి ఉంచండి. వీలైతే ఒకసారి తీసుకెళ్లి చూపించండి.

మూడు, స్టార్టింగ్ బ్లాక్ (రేసు మొదలుపెట్టడానికి పూల్ అంచున ఉండే ఎత్తు దిమ్మ) మీది నుంచి దూకాలా, పూల్ అంచు నుంచో నీళ్లలో నుంచో మొదలుపెట్టనిస్తారా అని. కొత్తవాళ్ల కోసం పెట్టే పోటీల్లో చాలాచోట్ల ఒప్పుకుంటారు. బ్లాక్ మీది నుంచి దూకడం మాత్రం లోతైన నీళ్లలో, కోచ్ దగ్గరే నేర్చుకోవాలి. ఆదివారం దగ్గర్లోని పూల్‌కి తీసుకెళ్లి మీరే దూకించి చూడకండి. లోతు తక్కువైతే తల నేలకి తగిలి మెడ విరిగే ప్రమాదం ఉంది.

2. పట్టిక చదవడం నేర్చుకోండి, నేర్పించండి

పోటీకి ముందు ఇచ్చే పట్టికలో ప్రతి పేరు పక్కనా ఈవెంట్ నంబరు, హీట్ నంబరు, లేన్ నంబరు ఉంటాయి. ఒకే రేసుకి పిల్లలు ఎక్కువైతే విడివిడి గుంపులుగా ఈదిస్తారు, ఆ ఒక్కో గుంపే హీట్. పాత టైమింగ్ ఉన్న చోట అది కూడా వేస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లకి టైమింగ్ లేదని రాసి ఉంటుంది, దాన్ని చూసి చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. సాధారణంగా హీట్‌లో వేగంగా ఈదేవాళ్లని మధ్య లేన్లలో, మిగతావాళ్లని పక్కలకి వేస్తారు. ఎనిమిది లేన్ల పూల్ అయితే అందరికంటే మంచి టైమింగ్ ఉన్నవాళ్లు నాలుగో లేన్‌లో ఉంటారు. కాబట్టి మీ అమ్మాయి ఒకటో లేన్‌లోనో ఎనిమిదో లేన్‌లోనో ఉంటే ఎవరో పక్కకి నెట్టేశారని కాదు, పద్ధతే అది.

3. విజిళ్లని ఇంట్లోనే ఆడించండి

ఈ ఒక్కటీ చేస్తే సగం భయం పోతుంది. హాల్లో నేల మీద ఒక గీత గీసి అదే బ్లాక్ అనుకోమనండి. మీరు రిఫరీ. పొట్టి విజిళ్లు వరసగా వినిపిస్తే పైన వేసుకున్న బట్టలు తీసేసి సిద్ధంగా నిలబడాలి. తర్వాత పొడుగు విజిల్ వినిపిస్తే బ్లాక్ ఎక్కాలి. ‘టేక్ యువర్ మార్క్స్’ అనగానే వంగి, కదలకుండా ఉండాలి. ఆపైన బజర్ మోగితేనే దూకాలి. వెల్లకిలా ఈదే బ్యాక్‌స్ట్రోక్‌కి కాస్త తేడా: మొదటి పొడుగు విజిల్‌కి నీళ్లలోకి దిగాలి, రెండో పొడుగు విజిల్‌కి గోడ దగ్గరికి వచ్చి పట్టుకోవాలి.

‘మార్క్స్’కీ బజర్‌కీ మధ్య ఉండే నిశ్శబ్దాన్ని ఒకసారి కొద్దిగా, ఒకసారి ఎక్కువగా మార్చి మార్చి ఆడించండి. పిల్లలు తొందరపడి కదిలేది సరిగ్గా అక్కడే. అంతర్జాతీయ నియమాల ప్రకారం బజర్‌కి ముందే బయలుదేరితే రెండో అవకాశం లేదు, డిస్‌క్వాలిఫై చేసేస్తారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ హీట్ ఒకదానిలో ముగ్గురుంటే, ఇద్దరు ఇలా ముందే దూకి డిస్‌క్వాలిఫై అయ్యారు. మిగిలిన ఒక్కడు ఈక్వటోరియల్ గినీకి చెందిన ఎరిక్ ముసాంబాని. ఈత మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు, 50 మీటర్ల పూల్‌ని చూడటం అక్కడే మొదటిసారి. ఒంటరిగా ఈదాడు, ఆఖరి మీటర్లలో చేతులు ఆడక ఆగిపోతాడేమో అనిపించింది, అయినా 1:52.72కి గోడ తాకాడు. స్టేడియం అంతా లేచి అరిచింది. ఈ కథ పిల్లలకి చెప్పండి. ఆఖరున వస్తానేమో అని భయపడేవాళ్లకి ఇంతకంటే ధైర్యం ఇచ్చే కథ నాకు తెలియదు.

4. డిస్‌క్వాలిఫై ఎందుకు చేస్తారో ముందే చెప్పండి

చిన్నపిల్లలు ఎక్కువగా దొరికిపోయే తప్పులు కొన్నే. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, బటర్‌ఫ్లైలో మలుపు దగ్గరా చివర్లోనూ రెండు చేతులూ ఒకేసారి గోడకి తగలాలి. ఒక్క చేత్తో తాకితే మిగతాదంతా ఎంత బాగా ఈదినా లెక్కలోకి రాదు. బ్యాక్‌స్ట్రోక్‌లో వెల్లకిలా ఉండగానే ముగించాలి. గోడ ఎక్కడుందో చూద్దామని బోర్లా తిరిగితే పోయినట్టే. అందుకే గోడకి 5 మీటర్ల ముందు తలపైన జెండాలు కడతారు. జెండాలు దాటాక ఎన్నిసార్లు చెయ్యి వేస్తే గోడ తగులుతుందో ప్రాక్టీసులోనే లెక్కపెట్టుకుని ఉండాలి.

ఫ్రీస్టైల్‌లో మాత్రం చాలా వెసులుబాటు ఉంది. అలసిపోతే ఒక్క క్షణం పూల్ అడుగున నేల మీద నిలబడవచ్చు, గాగుల్స్ సరిచేసుకోవచ్చు, మళ్లీ ఈదవచ్చు. నేల మీద నడవకూడదు, లేన్ తాడు పట్టుకుని ముందుకి లాక్కోకూడదు, అంతే. చిన్నవాళ్లకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ‘ఆగితే అయిపోయినట్టే’ అనుకుని నీళ్లు మింగుతూ గాభరాపడే పిల్లలు చాలామంది ఉంటారు.

ఇంకొక్కటి: గోడని గట్టిగా తాకేవరకూ రేసు అవ్వలేదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 100 మీటర్ల బటర్‌ఫ్లైలో సెర్బియా స్విమ్మర్ మిలోరాడ్ చావిచ్ ముందున్నాడు, చివర్లో చేతులు చాచి జారుతూ వచ్చాడు. అమెరికా స్విమ్మర్ మైకేల్ ఫెల్ప్స్ మరో సగం స్ట్రోక్ వేసి గోడని కొట్టాడు. ఫెల్ప్స్‌కి 50.58 సెకన్లు, చావిచ్‌కి 50.59. సెకనులో నూరోవంతు తేడా.

5. బ్యాగు: గాగుల్స్ దగ్గర శ్రద్ధ పెట్టండి

తువ్వాళ్లు రెండు, వీలైతే మూడు. మొదటిది మొదటి రేసుకే తడిసిపోతుంది. రేసుల మధ్య వేసుకోవడానికి వెచ్చని పొడి బట్టలు, చెప్పులు, నీళ్ల సీసా, ఇంకో స్విమ్‌సూట్, నీళ్లకి చెరగని పెన్ను. పట్టిక కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పేరు లేని వస్తువు ఒక్కటి కూడా లోపల ఉండకూడదు, పూల్ దగ్గర అందరి బ్యాగులూ, అందరి తువ్వాళ్లూ ఒకేలా ఉంటాయి.

గాగుల్స్ రెండు జతలు, క్యాపులు కూడా రెండు. రెండో జత కూడా ముందే వాడి, పట్టీ కొలత సరిచేసి ఉండాలి. పోటీ రోజు కొత్త గాగుల్స్ పెట్టడం కంటే పాతవి నయం. దూకినప్పుడు గాగుల్స్ ఊడిపోకుండా ఉండటానికి చాలామంది స్విమ్మర్లు చేసే పని ఒకటుంది. ముందు ఒక క్యాప్ పెట్టుకుని, దాని మీద గాగుల్స్ పట్టీ వేసి, ఆ పట్టీ కప్పుకుపోయేలా పైన రెండో క్యాప్ లాగుతారు. క్యాప్ అంచు గాగుల్స్ గిన్నెల (కళ్లని కప్పే భాగాల) కిందకి పోకుండా, కనుబొమల మీద వెంట్రుక ఒక్కటి కూడా రబ్బరు కింద ఇరుక్కోకుండా చూసుకోవాలి. నీళ్లు దూరేది అక్కడి నుంచే. వేళ్లతో రెండు గిన్నెల్నీ మెల్లగా నొక్కి, కిందకి చూడమనండి. చర్మానికి అంటుకుని నిలబడితే సరే.

అయినా నీళ్లు రావచ్చు. ఫెల్ప్స్ అదే బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుండగా గాగుల్స్ నిండా నీళ్లు వచ్చాయి. ఏమీ కనపడలేదు. స్ట్రోక్‌లు లెక్కపెట్టుకుంటూ ఈది, 1:52.03తో ప్రపంచ రికార్డు పెట్టాడు. కోచ్‌ని అడిగి, ప్రాక్టీసులో ఒకటి రెండు ల్యాపులు గాగుల్స్ లేకుండా ఈదిస్తే పిల్లలకి ఆ భయం పోతుంది.

ఖరీదైన రేసింగ్ సూట్ కొనాలా అని అడుగుతుంటారు. వద్దు. 2009 రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒళ్లంతా కప్పే పాలియురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సూట్లతో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాక, వాటిని 2010 నుంచి నిషేధించారు. ఆ స్థాయిలో సూట్ల వల్ల తేడా వస్తుంది. మొదటి పోటీకి వెళ్లే పిల్లలకి టైమింగ్ తగ్గేది సరిగా గోడ తన్నడం వల్ల, ఊపిరి సరిగా తీసుకోవడం వల్ల.

6. ముందు రోజు, ఆ ఉదయం

రోజూ తినేదే తినాలి. కొత్తవి, నూనె ఎక్కువ ఉన్నవి వద్దు. బ్యాగు రాత్రే సర్దేయండి, సర్దేటప్పుడు పిల్లల చేతే సర్దించండి, లేకపోతే అక్కడ ఏది ఎక్కడుందో వాళ్లకి తెలియదు. త్వరగా పడుకోబెట్టండి. నిద్ర పట్టకపోతే కోప్పడకండి. దారిలో టైమింగ్ మాట ఎత్తకండి, పక్కింటివాళ్ల పిల్లల టైమింగ్ అసలే వద్దు.

7. పూల్ దగ్గర

వార్మప్ మొదలయ్యే వేళకి అరగంట ముందే చేరండి. వార్మప్‌లో ఒకే లేన్‌లో బోలెడంతమంది ఉంటారు, ఒకరి కాళ్లు ఇంకొకరి మొహానికి తగులుతుంటాయి. కాళ్లు ముందు పెట్టి నీళ్లలోకి జారాలి. దూకడానికి వేరే లేన్ చెబుతారు, అక్కడే దూకాలి. ఈ గందరగోళం మామూలే అని ముందే చెప్పి ఉంచితే పిల్లలు బెదిరిపోరు.

వార్మప్ అయ్యాక చెరగని పెన్నుతో చేతి మీద ఈవెంట్, హీట్, లేన్ నంబర్లు రాయండి. ఒళ్లు తుడిచి వెచ్చని బట్టలు వేయండి. తడి స్విమ్‌సూట్‌తో గంటసేపు కూర్చున్న పిల్లలు వణుకుతూ బ్లాక్ ఎక్కుతారు, చేతులు బిగుసుకుపోతాయి. కొద్దికొద్దిగా నీళ్లు తాగించండి. పిలుపు రావడానికి చాలాముందే బాత్రూమ్‌కి పంపండి, తడిసిన స్విమ్‌సూట్ తీసి వేసుకోవడానికి చిన్నవాళ్లకి ఎంతసేపు పడుతుందో మీకు తెలిసిందే.

పూల్ అంచుకి సాధారణంగా తల్లిదండ్రుల్ని రానివ్వరు. కష్టమే, కానీ గ్యాలరీలోనే కూర్చోండి. పిల్లలు బ్లాక్ వెనక నిలబడి ఒకసారి తలెత్తి మీకోసం వెతుకుతారు. ఎక్కడ కూర్చుంటారో ముందే చెప్పి, అక్కడే ఉండండి. ఆ క్షణాన మీరు ఫోన్‌లో తలదూర్చి ఉండకూడదు. స్టార్ట్ సమయంలో ఫ్లాష్ వేయకండి, అరవకండి, బజర్ వినపడాలి.

పూల్ అంచున ఉండాలని అంతగా ఉంటే టైమ్ కొట్టేవాళ్లలో ఒకరిగా పేరు ఇవ్వండి. చిన్న పోటీల్లో ఒక్కో లేన్ వెనక స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేవాళ్లు తరచు తల్లిదండ్రులే. ఒక్క పూట ఆ పని చేస్తే ప్రతి హీట్‌లో ఆఖరున వచ్చే పిల్లల మొహాలు దగ్గర్నుంచి చూస్తారు. ఆ తర్వాత మీ పిల్లలతో మాట్లాడే తీరే మారిపోతుంది.

8. రేసు అయ్యాక

గోడ తాకాక, బయటికి రమ్మనేదాకా వాళ్ల లేన్‌లోనే ఉండాలి. బయటికి వచ్చాక ముందు కోచ్ దగ్గరికి వెళ్లాలి, తర్వాత మీ దగ్గరికి. మీ దగ్గరికి రాగానే తువ్వాలు ఇవ్వండి, నీళ్లివ్వండి. “నువ్వు ఈదుతుంటే చూడటం భలే బాగుంది నాన్నా” అనండి, ఆగండి. తప్పులు చెప్పడానికి కోచ్ ఉన్నారు. వాళ్లే మాట్లాడటం మొదలుపెడతారు, కొందరు వెంటనే, కొందరు ఇంటికెళ్లాక.

డిస్‌క్వాలిఫై అయితే ఏడుపు వస్తుంది, రానివ్వండి. “అదేం పెద్ద విషయం కాదు” అనకండి, ఆ వయసులో అది పెద్ద విషయమే. కాస్త తేరుకున్నాక ఏ తప్పు రాశారో కోచ్ ద్వారా తెలుసుకోండి. అధికారులతో మీరు వాదనకి దిగకండి, మాట్లాడాల్సినది ఉంటే కోచ్ మాట్లాడతారు. మరో రేసు మిగిలి ఉంటే పిల్లల్ని ఆ రేసు వైపు మళ్లించండి.

9. ఇంటికి వచ్చాక

ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, పూల్ పొడవు, ఈవెంట్, టైమింగ్ రాయించండి. డిస్‌క్వాలిఫై అయిన రేసు కూడా, కారణంతో సహా. 25 మీటర్ల పూల్ టైమింగ్‌ని, 50 మీటర్ల పూల్ టైమింగ్‌ని వేర్వేరు పేజీల్లో రాయాలి. మలుపుల సంఖ్య మారుతుంది కాబట్టి ఒకదానితో ఇంకొకటి పోల్చడానికి కుదరదు. పక్కన ఒక వాక్యం పిల్లలనే సొంతంగా రాయమనండి: ఈసారి ఏది బాగా వచ్చింది, వచ్చేసారి ఏది చూసుకోవాలి. తర్వాతి పోటీకి పేరు ఇచ్చేటప్పుడు టైమింగ్ అడిగితే ఈ పుస్తకంలోంచే చూసి ఇస్తారు.