నిటారు ఫాంట్‌ను వాలు ఫాంట్‌గా మార్చడం ఎలా?

ఇటాలిక్ బటన్ నొక్కితే అక్షరాలు పక్కకు ఒరుగుతాయి, అంతే కదా అనుకుంటాం. గీతల చివర చిన్న కొసలుండే సెరిఫ్ ఫాంట్లలో సంగతి వేరు. 1500 ప్రాంతంలో వెనిస్‌లో ప్రచురణకర్త ఆల్డస్ మనూషియస్ కోసం ఫ్రాన్సెస్కో గ్రిఫో చెక్కిన ఇటాలిక్ అచ్చులు చేతిరాతను చూసి చేసినవి, వాటి ఆకారమే మారిపోతుంది. 1957లో వచ్చిన యూనివర్స్ లాంటి సాన్స్ సెరిఫ్‌లలో (ఆ కొసలు లేని ఫాంట్లలో) మాత్రం నిటారు అక్షరాన్నే వాలుస్తారు. దీన్ని ఆబ్లిక్ అంటారు. వాల్చడం ఒక్క క్లిక్కే, అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

1. ముందు కోణం తేల్చుకోండి. 8 నుంచి 12 డిగ్రీలు బాగుంటుంది. మూడు నాలుగు డిగ్రీలే వాలిస్తే అచ్చుతప్పు అనుకుంటారు.

2. ఫాంట్‌ను కాపీ చేసుకుని, ఫాంట్‌ఫోర్జ్ లాంటి ఎడిటర్‌లో అక్షరాలన్నిటినీ వాల్చండి. అడుగు గీత దగ్గర పట్టుకుని వాలిస్తే ప్రతి అక్షరం కుడికి జరిగినట్టు కనిపిస్తుంది. చిన్నబడి ఎక్స్ ఎత్తు 500 యూనిట్లు, కోణం 12 డిగ్రీలు అయితే అన్నిటినీ 53 యూనిట్లు ఎడమకు జరపండి. సరిగ్గా మధ్యకొస్తాయి.

3. ఇప్పుడు ఇంగ్లీషు 'ఓ'ని తెర నిండా పెద్దది చేసి చూడండి. కుడివైపు పైన, ఎడమవైపు కింద గీత లావెక్కి ఉంటుంది. మిగతా రెండు మూలల్లో చిక్కిపోయి ఉంటుంది. వంపు చివర్లలో కొత్త పాయింట్లు పెట్టి, లావు అంతటా సమంగా కనిపించేదాకా లాగుతూ ఉండాలి. విసుగు పుట్టే పనే కానీ, మంచి ఆబ్లిక్‌కూ గబగబా చేసినదానికీ తేడా ఇక్కడే తెలిసిపోతుంది. పెద్దబడి 'ఏ'లో ఎడమ కాలు సన్నబడుతుంది, కుడి కాలు లావవుతుంది. 'ఎక్స్'దీ అదే కథ.

4. అక్షరాల మధ్య ఖాళీలు సరిచూసి, చిన్న సైజులో ప్రింట్ తీసి చూడండి.

5. వెబ్‌లో పెట్టేటప్పుడు వాలు ఫైల్‌ను విడిగా ఇవ్వండి. లేకపోతే బ్రౌజర్ తనే నిటారు అక్షరాన్ని ఒరగదీస్తుంది, మీ కష్టమంతా వృథా. వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో 'ఫాంట్ సింథసిస్'ను 'నన్' చేస్తే ఆ దొంగ వాలు ఆగుతుంది. వేరియబుల్ ఫాంట్ (లావు, వాలు లాంటివి ఒకే ఫైల్‌లో మార్చుకోగలిగేది) అయితే ఒక తిరకాసు ఉంది: స్లాంట్ విలువ మైనస్‌లో ఇస్తేనే అక్షరం కుడికి వాలుతుంది. నేను ప్లస్ 10 ఇచ్చి, అక్షరాలు వెనక్కి పడిపోతుంటే గంటసేపు తల గోక్కున్నాను.

ఇక వాడకం. ఫొటో కింద వ్యాఖ్య, పుస్తకం పేరు, వాక్యంలో కాస్త ఒత్తి పలకాల్సిన మాట, వేగం కనిపించాల్సిన లోగో: వీటికి ఆబ్లిక్ బాగా నప్పుతుంది. పేరాలకు పేరాలు వాల్చేస్తే మాత్రం చదివేవాళ్ల కళ్లు లాగుతాయి.

చాలా తెలుగు ఫాంట్లకు వాలు రూపమే లేదు. బటన్ నొక్కితే వచ్చేది సాఫ్ట్‌వేర్ ఒరగదీసినదే: పైనున్న గుడి కుడికి, కిందున్న ఒత్తు ఎడమకు జరిగి పక్క అక్షరంతో గొడవపడతాయి. తెలుగులో ఒక మాటను నొక్కి చెప్పాలంటే నేను బోల్డే వాడతాను.