కాంప్లెక్స్ కట్టే ముందు కొటేషన్లు పోల్చడంలో జాగ్రత్తలు

కింద షాపులు, పైన మూడంతస్తుల ఆఫీసులు, మొత్తం 20,000 చదరపు అడుగుల కాంప్లెక్స్ అనుకుందాం. ఇద్దరు కాంట్రాక్టర్ల మధ్య ఎస్ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) 200 రూపాయలు తేడా ఉంటే మొత్తం మీద 40 లక్షలు. ఆ 40 లక్షలు ఏ పనిలో తగ్గాయో కాగితం మీద కనబడాలి. కనబడకపోతే అవి పని మధ్యలో ‘ఎక్స్‌ట్రా’ పేరుతో తిరిగొస్తాయి.

మున్సిపాలిటీ ప్లాన్ చూపించి రేటు అడగడమే మొదటి పొరపాటు. అందులో గోడలు ఉంటాయి గానీ రాడ్లు ఉండవు. ముందు సాయిల్ టెస్టు, తర్వాత స్ట్రక్చరల్ డ్రాయింగులు, వాటి నుంచి ఇంజనీరు తీసిన బీవోక్యూ (ఏ పని ఎంత పరిమాణమో చూపే పట్టిక). అందరికీ అదే బీవోక్యూ ఇచ్చి, రేట్లు మాత్రమే నింపమనండి. యూనిట్లు మార్చనివ్వకండి. క్యూబిక్ మీటరంటే 35.3 ఘనపుటడుగులు, ఒకరు మీటర్లలో, ఇంకొకరు అడుగుల్లో రాస్తే పోలిక అక్కడే తప్పుతుంది.

ఎస్ఎఫ్‌టీ రేటే తీసుకోవాల్సి వస్తే, ఏ కొలతకో రాయించండి. స్లాబ్ పడిన మేరంతానా (స్లాబ్ ఏరియా), గోడల బయటి అంచుల వరకేనా (ప్లింత్ ఏరియా)? మెట్ల హెడ్‌రూమ్, సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, లిఫ్ట్ గొయ్యి, ర్యాంపు, కాంపౌండ్ గోడ లోపలా, బయటా? షాపుల అంతస్తు ఎత్తు 14 అడుగులుంటే మరీ జాగ్రత్త. చాలామంది 10 అడుగుల ఎత్తుకే లెక్కగట్టి, సెంట్రింగ్ (స్లాబును మోసే తాత్కాలిక ఊతం) మొదలయ్యాక జాకీలకీ గోడలకీ అదనం అడుగుతారు.

ఎక్కువ డబ్బు కదిలేది స్టీలు దగ్గర. అడుగుకి 4 కిలోలైతే 80 టన్నులు, మూడున్నరైతే 70. ఎన్ని టన్నులకు రేటిచ్చారో చెప్పని కొటేషన్‌ను పోల్చకండి. ఎఫ్ఈ 500డి అని గ్రేడు, ఆమోదించే బ్రాండ్లు రాయించండి. బిల్లు కాటా తూకం మీదా, లెక్క తూకం (రాడ్ల పొడవును బట్టి లెక్కించే బరువు) మీదా అన్నదీ తేల్చుకోవాలి. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది: 12 ఎంఎంకి 0.888, అంటే 12 మీటర్ల రాడ్డు 10.66 కిలోలు. ప్రమాణాల ప్రకారం ఈ సైజులో 5 శాతం అటూఇటూ చెల్లుతుంది. తేలిక రాడ్లు కాటా మీద కొని లెక్క తూకం మీద బిల్లు పెడితే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది. ల్యాపులు (రాడ్లు ఒకదానిమీద ఒకటి కలిసే భాగాలు), కుర్చీ రాడ్లు (పై రాడ్లను ఎత్తి నిలిపేవి), తరుగు, బైండింగ్ వైరు ఎవరి ఖాతాలోనో కూడా ఒక లైను.

కాంక్రీటుకు ఎం25 అని బలం గ్రేడు రాస్తే సరిపోదు. రెడీమిక్సా, సైటు మిక్సరా, పంపు ఖర్చు కలిసిందా, 28 రోజుల క్యూబ్ టెస్టు (కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసే పరీక్ష) ఎవరు చేయిస్తారు అన్నవన్నీ కావాలి.

పునాదిలో అనుమానం తప్పదు. నల్లరేగడిలో గట్టి నేల ఎంత లోతున దొరుకుతుందో, హైదరాబాద్ వైపు ఎక్కడ బండ తగులుతుందో తవ్వితేగానీ తేలదు. అందుకే మెత్తమట్టి, గట్టి మొరం, బండ మూడింటికీ, నీళ్లు తోడటానికీ విడివిడి రేట్లు ఇప్పుడే తీసుకోండి. గొయ్యి తవ్వాక బేరమాడే బలం మీకుండదు.

మొత్తాలు దగ్గరదగ్గరగా ఉన్నా, ఎర్త్‌వర్కు, పునాది రేట్లు పెంచి, ప్లాస్టరింగు, టైల్స్, పెయింటు రేట్లు తగ్గించిన కొటేషన్‌ను తప్పకుండా గుర్తించాలి. ఆఖరి స్లాబ్ నాటికే లాభం తీసుకున్న కాంట్రాక్టరుకు మిగిలిన పని నష్టమే. ఫినిషింగ్ నత్తనడక నడుస్తుంది. ఒక్కో దశ చివర ఎంత చెల్లించి ఉంటారో కాంట్రాక్టర్లందరికీ లెక్కవేస్తే ఇది బయటపడుతుంది.

జీఎస్టీ 18 శాతం కలిపారా లేదా చూడండి. 4 కోట్ల పనికి అది 72 లక్షలు. సొంతానికి కట్టే భవనం మీద సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) రాదు కాబట్టి ఆడిటరును అడిగే బడ్జెట్ వేసుకోండి. సిమెంటు మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతం; అంతకుముందు తీసుకున్న కొటేషన్లను మళ్లీ రాయించాలి. ఒక శాతం లేబర్ సెస్ (నిర్మాణ కార్మికుల సంక్షేమానికి కట్టేది) ఎవరు కడతారో కూడా తేల్చండి.

మరీ తక్కువ గడువు చూసి మురిసిపోకండి. ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్లు దాటిన స్లాబ్ కింద జాకీలు కనీసం 14 రోజులు, అది 6 మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు ఉండాలి. నెలకు మూడు స్లాబులంటే అన్ని సెట్ల సెంట్రింగ్ సామాను ఉందా అని అడగండి.

చివరికి ఒకే షీటులో వరుసలుగా పనులు, నిలువుగా కాంట్రాక్టర్లు వేయండి. ఎవరైనా ఖాళీ వదిలినచోట మిగతావారిలో ఎక్కువ రేటు నింపి మళ్లీ కూడండి. చాలాసార్లు వరుస తారుమారవుతుంది. ఇద్దరు మిగిలాక వాళ్లు ఇప్పుడు కడుతున్న సైటుకు చెప్పకుండా వెళ్లండి. స్లాబ్ రాడ్ల కింద కవర్ బ్లాకులు (రాడ్లను అడుగు నుంచి ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) ఉన్నాయా, పిల్లర్ల అడుగున కంకర బయటికి తేలి గూళ్లు పడ్డాయా, క్యూరింగ్‌కు గోనెలు తడిగా ఉన్నాయా చూసుకుని, అప్పుడు బిల్లుల్లోంచి 5 శాతం రిటెన్షన్ (హామీగా ఆపుకునే మొత్తం), 12 నెలల లోపాల బాధ్యత షరతుల గురించి మాట్లాడండి.