ఎవరోలిమస్‌తో వచ్చే నోటిపూతను స్టెరాయిడ్ ద్రవంతో ముందే ఎలా ఆపాలి?

మీరు వాడబోయే మందు ఏదో ముందు చూసుకోండి. 5-ఫ్లోరోయురాసిల్, మెథోట్రెక్సేట్ లాంటి కీమో మందులు నోటి లోపలి పొరలో కొత్తగా పుట్టే కణాల్నే దెబ్బతీస్తాయి. ఆ పుండ్లను స్టెరాయిడ్ ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఫ్లోరోయురాసిల్‌ను ఒక్కసారిగా నరంలోకి ఎక్కించేటప్పుడు 30 నిమిషాల పాటు ఐసుముక్కలు చప్పరించడమే మేలు.

స్టెరాయిడ్‌కు బాగా లొంగేది ఎవరోలిమస్ తెచ్చే పూత. నిజానికి ఇది మామూలు కీమో కాదు, టార్గెటెడ్ మందు, అంటే క్యాన్సర్ కణాల పెరుగుదలకు తోడ్పడే ఒక ప్రొటీన్‌ను గురిపెట్టి అడ్డుకునేది. రొమ్ము క్యాన్సర్‌కు దీన్ని ఎక్సెమెస్టేన్ అనే హార్మోన్ మందుతో కలిపి వాడుతూ, స్టెరాయిడ్ ద్రవంతో పుక్కిలించినవారిపై 2017లో స్విష్ అధ్యయనం ఫలితాలు వచ్చాయి. తిండికి ఇబ్బంది పెట్టేంత పూత 8 వారాల్లో 2 శాతం మందికే కనిపించింది. పుక్కిలింత లేని పాత అధ్యయనంలో అది 33 శాతం.

మొదటి పని, డాక్టరుతో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ద్రవం రాయించుకోవడం. 5 మి.లీ.లో 0.5 మి.గ్రా. మందు ఉండాలి, ఆల్కహాల్ ఉండకూడదు. కొన్ని సిరప్‌లలో ఆల్కహాల్ కలుస్తుంది, అది పొరను ఇంకా మండిస్తుంది. లేబుల్ చదవండి, అర్థం కాకపోతే ఫార్మసిస్టును అడగండి. మాత్రలు నూరి ఇంట్లో కలుపుకోవద్దు, మోతాదు తెలియదు. రోజుకు 40 మి.లీ. చొప్పున 8 వారాలకు రెండు లీటర్లకు పైనే పడుతుంది కాబట్టి మధ్యలో అయిపోకుండా చూసుకోండి.

ఎవరోలిమస్ మొదలుపెట్టిన రోజే పుక్కిలించడమూ మొదలుపెట్టాలి. పూత ఎక్కువగా తొలి వారాల్లోనే వస్తుంది. పుండు పడ్డాక మొదలుపెడితే అది నివారణ కాదు, చికిత్స.

ఇక పద్ధతి. తినడం, పళ్లు తోముకోవడం ముందే ముగించండి. కట్టుడు పళ్లుంటే తీసేయండి, వాటి కింది చిగురుకూ మందు తగలాలి. 10 మి.లీ. కొలిచి నోట్లో పోసుకుని, బుగ్గలు, నాలుక కింది భాగం, పెదాల లోపలి వైపు తడిసేలా గడియారం చూసి 2 నిమిషాలు తిప్పి ఉమ్మేయండి. తర్వాత గంటసేపు మంచినీళ్లతో సహా ఏదీ వద్దు. ఇలా రోజుకు 4 సార్లు. చాలామంది తప్పేది ఈ గంట దగ్గరే: భోజనానికి ముందు పుక్కిలించి వెంటనే తినేస్తారు, మందంతా అన్నంతో పాటు పోతుంది. భోజనం తర్వాతకు మార్చుకుంటే తేలిక. పడుకోబోయే ముందు వేసేది అన్నిటికన్నా సులువు.

మింగొద్దు. నాలుగు సార్లకూ కలిపి 4 మి.గ్రా. డెక్సామెథసోన్ అవుతుంది, అది కడుపులోకి పోతే 25 మి.గ్రా.కు పైగా ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్ వేసుకున్నట్టే. షుగరు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

స్టెరాయిడ్ వల్ల నోట్లో ఫంగస్ పెరగొచ్చు. గీకితే ఊడి, కింద ఎర్రగా కనిపించే తెల్లటి మచ్చలుంటే డాక్టరుకు చూపించండి, ఫంగస్ మందు ఇస్తారు. పెదవిపై నీటి పొక్కుల గుంపు హెర్పిస్ కావచ్చు, అప్పుడు పుక్కిలింత ఆపాలో వద్దో ఆయన్నే అడగాలి.

ఇంత చేసినా పూత వస్తే ఎవరోలిమస్ మోతాదును మీరే తగ్గించుకోకండి. మింగలేకపోయినా, 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వచ్చినా ఆ రోజే ఫోన్ చేయండి.